అందనివారి లెక్కతో మొదలుపెట్టాలి: ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యాలపై ఆరోగ్య పరిశోధన ఫెలోషిప్‌కు ప్రతిపాదన రాసే విధానం

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక పేద కుటుంబానికి జబ్బు చేస్తే, వైద్యంలో ఎంతవరకు ప్రభుత్వానిదో, ఎక్కడినుంచి ప్రైవేటుదో చెప్పడం ఆ కుటుంబానికే కాదు, చాలాసార్లు ఆసుపత్రి సిబ్బందికి కూడా కష్టం. 108 వాహనానికి డబ్బు ఇచ్చేది ప్రభుత్వం, దాన్ని నడిపేది ప్రైవేటు సంస్థ. ఆరోగ్యశ్రీ కింద ఖర్చు భరించేది ప్రభుత్వ ట్రస్టు, ఆపరేషన్ జరిగేది ప్రైవేటు ఆసుపత్రిలోనూ కావచ్చు. సర్కారు ఆసుపత్రి ఆవరణలోని డయాలసిస్ గదికి చోటు, కరెంటు, నీళ్లు ప్రభుత్వానివి. లోపలి యంత్రాలూ వాటిని నడిపే టెక్నీషియన్లూ ఒక కంపెనీ తరఫువాళ్లు. ఈ ఏర్పాట్ల వల్ల ఎవరికి మేలు జరిగింది, ఎవరు బయటే ఉండిపోయారు అన్నది శాస్త్రీయంగా తేల్చే పనికి నిధులిచ్చే పరిశోధన ఫెలోషిప్‌లు ఉన్నాయి. వాటికి దరఖాస్తు చేయదలచిన యువ వైద్యులకు, ప్రజారోగ్య విద్యార్థులకు, ఆర్థిక, సామాజిక శాస్త్రాల పరిశోధకులకు ప్రతిపాదన ఎలా సిద్ధం చేసుకోవాలో చెప్పడానికే ఈ వ్యాసం.

మనకు దగ్గరలో ఉన్న పెద్ద ఉదాహరణ, హైదరాబాదు కేంద్రంగా పనిచేసే డీబీటీ–వెల్‌కమ్ ట్రస్ట్ ఇండియా అలయన్స్. భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్ట్ అనే ధార్మిక సంస్థ కలిసి 2008లో దీన్ని నెలకొల్పాయి కాబట్టి, అది తనంతట తానే ఒక భాగస్వామ్యం. వైద్య, ప్రజారోగ్య పరిశోధకులకు ప్రత్యేకించిన ఫెలోషిప్‌లు అందులో ఉన్నాయి. ముందు ప్రాథమిక దరఖాస్తు, అది నెగ్గితే పూర్తి దరఖాస్తు, దానిపై బయటి నిపుణుల సమీక్ష, చివరికి ఇంటర్వ్యూ అన్న వరుసలో ఎంపిక సాగుతుంది. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, ఇచ్చే ఫెలోషిప్‌లు వేరే ఉన్నాయి. అర్హతలు, గడువులు, మొత్తాలు ప్రకటనకొకలా మారుతుంటాయి కనుక వాటిని ఆయా ప్రకటనల్లోనే చూసుకోవాలి. మారనిది ఒకటుంది: ప్రతిపాదన చదివే సమీక్షకులు ఎక్కడైనా ముందుగా ప్రశ్నకే విలువ కడతారు, పద్ధతిని ఆ తర్వాతే చూస్తారు.

చెప్పేది గాలిలో తేలకుండా ఉండడానికి ఒకే ఉదాహరణను చివరిదాకా పట్టుకుని నడుద్దాం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, అంటే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా ఇంటింటి సమస్య. నీటిలోని సిలికా మొదలు పురుగుమందులు, ఎండలో గంటల తరబడి చేసే పని వరకు ఎన్నో కారణాలను అనుమానించారు, ఏదీ తుదిగా తేలలేదు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఉద్యానవనంలా ఉంటుంది గనుక ఆ పేరు వచ్చిందంటారు. ఇప్పుడు ఆ పేరు చెబితే ముందు గుర్తుకొచ్చేది డయాలసిస్. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఇక దేశమంతటా ప్రభుత్వాసుపత్రుల్లో ప్రైవేటు భాగస్వామ్యంతో డయాలసిస్ ఇచ్చే జాతీయ కార్యక్రమాన్ని 2016–17 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఉద్దానం రోగులకు ఇలాంటి డయాలసిస్ సేవలు సమన్యాయంగా అందుతున్నాయా అన్నది మన నమూనా ప్రశ్న అనుకుందాం.

సమానత వేరు, సమన్యాయం వేరు

ప్రతిపాదన మొదటి పేజీలోనే ఈ తేడా తేల్చకపోతే మిగతా ఇరవై పేజీలూ తడబడతాయి. అందరికీ ఒకే పరిమాణంలో పంచడం సమానత. అవసరం ఎక్కువున్నచోట ఎక్కువ అందేట్టు చూడడం సమన్యాయం. ఆరోగ్యంలో కనిపించే ప్రతి తేడా అన్యాయం కాదని, అనవసరమైనవి, తప్పించగలిగినవి, న్యాయసమ్మతం కానివి మాత్రమే ఆ కోవలోకి వస్తాయని మార్గరెట్ వైట్‌హెడ్ 1990ల మొదట్లో ఇచ్చిన నిర్వచనం నేటికీ పనికొస్తుంది. డెబ్బయ్యేళ్ల మనిషికి ముప్పయ్యేళ్ల మనిషి కంటే ఎక్కువ జబ్బులుండడం అన్యాయం కాదు. ఒకే వయసు, ఒకే వ్యాధి ఉన్న ఇద్దరిలో పలాస బస్టాండు పక్కన ఉన్నవాడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వస్తూ, సముద్రం ఒడ్డున వేటమీద బతికే కుటుంబంలోని వాడు ఒక్కసారే రాగలిగితే, అది తప్పించగలిగిన తేడా.

దీనికి తోడు మరొక పాత సూత్రాన్ని గుర్తుంచుకోవాలి. వేల్స్‌లోని ఒక గనికార్మికుల గ్రామంలో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే వైద్యుడు 1971లో లాన్సెట్ పత్రికలో రాసిన వ్యాసంలో, మంచి వైద్యం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే తక్కువగా దొరుకుతుందని, వైద్యం మార్కెట్ చేతికి వెళ్లిన కొద్దీ ఈ ధోరణి మరింత బలపడుతుందని వాదించారు. ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యంపై చేసే ఏ పరిశోధనకైనా కీలక ప్రశ్న ఇక్కడినుంచే పుడుతుంది: ప్రభుత్వం డబ్బు పెట్టి రాసుకున్న ఒప్పందం ఈ ధోరణిని వెనక్కి తిప్పిందా, లేక ప్రజాధనంతో అదే ధోరణిని ముందుకు నడిపిందా? మీరు ఏ జబ్బు, ఏ జిల్లా ఎంచుకున్నా, ప్రశ్నను ఈ రూపంలోకి తెచ్చుకోగలిగితే సగం పని అయినట్టే. భాగస్వామ్యం మంచిదా చెడ్డదా అని అడిగే ప్రతిపాదనలు నా దృష్టిలో పరిశోధన ప్రతిపాదనలు కావు. అవి వక్తృత్వ పోటీకి పనికొస్తాయి.

ముందు ఒప్పందం చదవండి

ఈ రంగంలో పరిశోధనకు దిగేవారు చాలామంది రోగుల దగ్గరకో గణాంకాల దగ్గరకో వెళ్తారు గానీ, భాగస్వాములిద్దరూ సంతకాలు చేసిన కాగితాన్ని మాత్రం చూడరు. ఎవరు దేనికి డబ్బు తీసుకుంటున్నారో తెలియకుండా ఎవరికి ఎందుకు సేవ అందలేదో ఎలా చెప్పగలం?

డయాలసిస్ జాతీయ కార్యక్రమం మార్గదర్శకాల ప్రకారం యంత్రాలు, నీటిని శుద్ధిచేసే ఆర్వో ప్లాంటు, రక్తాన్ని వడకట్టే డయలైజర్లు, వైద్య సిబ్బంది ప్రైవేటు భాగస్వామి బాధ్యత. చోటు, మందులు, కరెంటు, నీటి సరఫరా ప్రభుత్వ బాధ్యత. పేద రోగుల డయాలసిస్ ఖర్చు చెల్లించేదీ ప్రభుత్వమే. చెల్లింపు ఇన్ని సెషన్లకు ఇంత అన్న లెక్కన జరిగే ఒప్పందంలో లెక్కకు వచ్చేది సెషన్. నాలుగు గంటల సెషన్ పూర్తయిందా లేదా అన్నది నమోదవుతుంది. రోగి ఎన్ని కిలోమీటర్లు ప్రయాణించి వచ్చాడు, వెంట వచ్చిన భార్య ఎన్ని రోజుల కూలి పోగొట్టుకుంది, గత నెల వచ్చినవాడు ఈ నెల ఎందుకు రాలేదు అన్నవి ఆ బిల్లులో వరుసలు కావు. ఒక పడక ఖాళీ అయితే నిరీక్షణ జాబితాలోని మరొకరు వస్తారు, సెషన్ల సంఖ్య అలాగే ఉంటుంది, నివేదిక నిండుగా కనిపిస్తుంది. మానేసినవాడు మాత్రం ఎక్కడా కనిపించడు.

ఒప్పందం చదివేటప్పుడు నాలుగు విషయాలు వెతకండి. చెల్లింపు దేని మీద ఆధారపడి ఉంది, నాణ్యత తగ్గితే జరిమానా ఉందా, ఉంటే దాన్ని ఎవరు తేలుస్తారు, నష్టభయం ఎవరిది, భాగస్వామి మధ్యలో తప్పుకుంటే సేవ ఎలా కొనసాగుతుంది. చివరిది ఊహాప్రశ్న కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ వెనుక ఉన్నది సత్యం కంప్యూటర్స్ అధినేత కుటుంబం నెలకొల్పిన ఈఎంఆర్ఐ అనే సంస్థ. 2009 జనవరి 7న సత్యం ఖాతాల మోసం బయటపడ్డాక ఆ సంస్థ నిర్వహణ జీవీకే చేతికి వెళ్లింది. అంబులెన్సులు ఆగిపోలేదు, నిర్వహణ ఖర్చులో అత్యధిక భాగం అప్పటికే ప్రభుత్వం భరిస్తుండడం అందుకు ఒక ముఖ్య కారణం. దాతృత్వం పేరుతో మొదలైన సేవ ఎవరి డబ్బు మీద నిలబడి ఉందో అలాంటి సంక్షోభంలోనే తెలుస్తుంది.

కాగితం ఎలా సంపాదించాలి? టెండరు పత్రాలు చాలావరకు శాఖల వెబ్‌సైట్లలోనే ఉంటాయి, ముందు అక్కడ వెతకండి. దొరకకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు చేయండి. సాధారణంగా ముప్పయి రోజుల్లో సమాధానం రావాలి. వాణిజ్య గోప్యత పేరు చెప్పి, సెక్షన్ 8(1)(డి) కింద తిరస్కరించే అవకాశం ఉంది. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే సమాచారం ఇవ్వాలని అదే సెక్షన్ చెబుతున్నది కనుక, ఆ ప్రయోజనం ఏమిటో దరఖాస్తులోనే రెండు వాక్యాల్లో రాయడం మంచిది. మొత్తం ఒప్పందం ఇవ్వండి అని గుండుగుత్తగా అడగకుండా, చెల్లింపు షరతులు, నాణ్యతా ప్రమాణాలు, గత మూడేళ్లలో విధించిన జరిమానాలు అని విడివిడిగా అడిగితే, ఒకటి కాదన్నా ఇంకొకటి వస్తుంది. అప్పీలుకు పట్టే కాలాన్ని కూడా కలుపుకుని ఈ పనిని దరఖాస్తు గడువుకు కనీసం ఆరు నెలల ముందే మొదలుపెట్టాలి.

రానివారిని లెక్కించడం

నా మొదటి ప్రతిపాదన ఒక ఆసుపత్రి రిజిస్టరు మీద కట్టినది. ఆరువందల మంది రోగుల వివరాలు చేతిలో ఉండడమే నాకు పెద్ద బలమనిపించింది. అది తిరిగొచ్చింది, రావలసిందే. రిజిస్టరులో ఉన్నవాళ్లందరూ ఆసుపత్రి మెట్లు ఎక్కినవాళ్లు. సమన్యాయం గురించి అడగవలసింది ఎక్కలేకపోయినవాళ్లను. లవం ఎంత చక్కగా ఉన్నా హారం లేని భిన్నానికి విలువ కట్టలేం కదా.

హారం కట్టడమంటే, ఆ ప్రాంతంలో డయాలసిస్ అవసరమైనవారు మొత్తం ఎందరో అంచనా వేయడం. ఉద్దానం విషయంలో దీనికి మూడు దారులు కలిపి వాడవచ్చు. ఎంపిక చేసిన గ్రామాల్లో ఇంటింటి సర్వే చేసి, అనుమానితులకు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించడం ఒకటి. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంల సాయంతో గడిచిన రెండేళ్ల మరణాలను గుర్తించి, కుటుంబ సభ్యులతో మాట్లాడి మరణానికి ముందటి పరిస్థితిని తెలుసుకోవడం రెండవది. డయాలసిస్ మొదలుపెట్టిన ప్రతి ఒక్కరినీ తొలి రోజునుంచి వెతుక్కుంటూ వెళ్లి, ఇప్పుడు కొనసాగుతున్నారా, విశాఖపట్నానికో ఒడిశా వైపు బరంపురానికో మారారా, మానేశారా, చనిపోయారా అని తేల్చడం మూడవది. ఖర్చు ఎక్కువైనా మూడవదానిని వదలకండి. భాగస్వామ్యం నిజంగా ఎవరిని నిలబెట్టిందో చెప్పేది అదే. రోగులకు ప్రభుత్వం ఇచ్చే నెలవారీ పింఛను జాబితా కొంత ఉపయోగపడుతుంది గానీ, పింఛను అందనివారు ఎవరన్నది కూడా మన ప్రశ్నలో భాగమే గనుక ఆ జాబితానే హారంగా తీసుకోరాదు.

రానివారిని గుర్తించాక వారిని వర్గాలుగా చూడాలి. సంపదను బట్టి అయిదు భాగాలు చేయడం అందరూ చేసేదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆస్తుల ఆధారంగా చేసే పద్ధతినే మీరూ వాడితే పోల్చుకోవడం సులువు. కులం, స్త్రీపురుష భేదం, దూరం, వృత్తి కూడా ఉండాలి. ఇంట్లో భర్తకు, భార్యకు ఇద్దరికీ జబ్బు ఉంటే వారానికి మూడుసార్లు బస్సెక్కేది ఎవరు అన్న ప్రశ్న సంపద పట్టికలో ఎప్పటికీ కనిపించదు.

పాత లెక్కలతో పోల్చేటప్పుడు ఒక చిక్కు ఉంది. తెలంగాణలో 2016 అక్టోబరులో పది జిల్లాలు ముప్పయి ఒకటయ్యాయి, తర్వాత ముప్పయి మూడయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో పదమూడు ఇరవై ఆరయ్యాయి. 2019–21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోని శ్రీకాకుళం, నేటి శ్రీకాకుళం ఒకటి కావు; పాలకొండ ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. మండలాన్ని ప్రమాణంగా తీసుకుని లెక్కలు మళ్లీ కూర్చుకోకపోతే, జిల్లాల సరిహద్దు మారినందువల్ల వచ్చిన తేడాను పథకం ఫలితమనుకునే ప్రమాదం ఉంది.

పోలిక లేని ఫలితాన్ని నమ్మకండి

ఈ భాగాన్ని సమీక్షకులు భూతద్దం పెట్టి చదువుతారు, కాబట్టి రెండు గత అనుభవాలను వివరంగా చూడడం అవసరం.

గుజరాత్‌లో 2005 చివర చిరంజీవి యోజన మొదలైంది. పేద స్త్రీలకు ఉచితంగా కాన్పు చేసే ప్రైవేటు ప్రసూతి వైద్యులకు, మామూలు కాన్పయినా సిజేరియన్ అయినా, వంద కాన్పులకు ఇంత అని ప్రభుత్వం ఒకే మొత్తం చెల్లించింది. అనవసరంగా కడుపు కోసే ఆశ లేకుండా చేసిన ఆ ఏర్పాటు తెలివైనదే. తొలి అధ్యయనాలు వేలాది తల్లుల, శిశువుల ప్రాణాలు నిలిచాయని చెప్పాయి, దేశవిదేశాల్లో మెచ్చుకోళ్లు వచ్చాయి. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చిన అధ్యయనం, పథకం అమలైన జిల్లాలనూ, కాని జిల్లాలనూ ముందూ తర్వాతా పోల్చి చూసి, ఆసుపత్రి కాన్పుల్లో పథకం వల్ల వచ్చిందని చెప్పదగిన పెరుగుదల కనబడలేదని తేల్చింది. ఆ కాలంలో ఆసుపత్రి కాన్పులు అంతటా పెరుగుతూనే ఉన్నాయి. పథకంలో చేరిన ఆసుపత్రులకు వచ్చినవారిని మాత్రమే లెక్కిస్తే ఆ పెరుగుదలంతా పథకానిదిగానే కనిపిస్తుంది. మీ ప్రతిపాదనలో పథకం లేకుంటే ఏం జరిగేది అన్న ప్రశ్నకు జవాబిచ్చే పోలిక లేకపోతే, మీరు ఆ తొలి అధ్యయనాల దారిలోనే ఉన్నట్టు.

ఆరోగ్యశ్రీ అనుభవం పోలిక ఎలా కుదురుతుందో చూపుతుంది. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ముందుగా మొదలై, విడతలవారీగా మిగతా జిల్లాలకు విస్తరించింది గనుక, పథకం అందిన జిల్లాలకు ఇంకా అందని జిల్లాలే పోలికగా నిలిచాయి. ఆ అవకాశాన్ని వాడుకుని 2012లో వెలువడిన ఒక విశ్లేషణ, మొదటి తొమ్మిది నెలల్లోనే ఆసుపత్రిలో చేరినందుకు కుటుంబాలు సొంతంగా పెట్టే ఖర్చు తగ్గిందని, అయితే ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు మిగతావారికి దక్కినంత ప్రయోజనం దక్కలేదని కనుగొన్నది. సగటు మెరుగుపడింది, అంతరం మిగిలింది. సమన్యాయం మీద పనిచేసేవారు ఈ రెండో వాక్యం కోసమే పుట్టారని నా నమ్మకం. మొదటి వాక్యం రాయడానికి శాఖాధికారులు ఎలాగూ ఉన్నారు.

డయాలసిస్ విషయంలో కేంద్రాలు వేర్వేరు సంవత్సరాల్లో మొదలై ఉంటే విడతల పోలిక చేయవచ్చు. కాకపోతే, కొత్త కేంద్రం తెరవడం వల్ల దూరం ఒక్కసారిగా తగ్గిన గ్రామాలనూ, దూరం మారని గ్రామాలనూ పోల్చవచ్చు. కేంద్రం ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం కూడా ఊరికే జరగదు, రోగులు ఎక్కువున్న చోటో పలుకుబడి ఎక్కువున్న చోటో పెడతారు. ఆ సంగతిని దాచకుండా ఒప్పుకుని, దాన్ని ఎలా సరిచేస్తారో రాయండి. బలహీనతను మీరే చెబితే సమీక్షకుడు దాని పరిష్కారం మీద మాట్లాడతాడు, మీరు దాస్తే మీ నిజాయితీ మీద మాట్లాడతాడు.

సేవ తక్కువ కావడమే అన్యాయం అనుకోవద్దు, ఎక్కువ కావడం కూడా అన్యాయమే కావచ్చు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. చదువు తక్కువున్న గ్రామీణ స్త్రీలకు ముప్పయి దాటీదాటకుండానే ఈ ఆపరేషన్లు జరగడం మీద మన దగ్గర ఏళ్ల తరబడి ఆందోళన నడిచింది. పథకంలో ఆపరేషన్‌కు చెల్లింపు ప్యాకేజీ ఉండి, మందులతో నయం చేయడానికి లేకపోతే కత్తివైపే మొగ్గు ఉండే ప్రమాదం ఉంటుంది. మీ ప్రతిపాదనలో వినియోగం పెరగడాన్ని విజయానికి కొలతగా పెట్టే ముందు దీన్ని ఒకసారి తలచుకోండి.

భాగస్వాములతో దూరం, అనుమతి

సమాచారం కావాలంటే ప్రభుత్వమూ కంపెనీయూ సహకరించాలి, నిజం రాయాలంటే ఇద్దరికీ లొంగకూడదు. ఈ ఇరుకును మాటలతో దాటలేం, కాగితంతోనే దాటాలి. సమాచారం ఇచ్చేందుకు అంగీకరిస్తూ అధికారి ఇచ్చే లేఖను దరఖాస్తుకు జతచేయాలి. అధికారులు బదిలీ అవుతుంటారు కనుక లేఖ వ్యక్తి పేరు మీద కాక పదవి పేరు మీద ఉండేట్టు చూసుకోండి. కంపెనీతో సమాచార మార్పిడి ఒప్పందం చేసుకుంటే, ఫలితాలను ప్రచురణకు ముందు చూసి వాస్తవ దోషాలు చెప్పేందుకు వారికి ముప్పయి రోజుల వ్యవధి ఇవ్వవచ్చు, ప్రచురణను ఆపే హక్కు మాత్రం ఇవ్వకూడదు. మీరు అధ్యయనం చేసే సంస్థ నుంచి ప్రయాణ ఖర్చులు కూడా తీసుకోకండి. గతంలో ఏదైనా తీసుకుని ఉంటే అడగకముందే ప్రకటించండి. కంపెనీ తన లెక్కలు ఇవ్వకపోతే పరిశోధన ఆగిపోకుండా, ఇంటింటి సర్వే ఒక్కదానితోనే జవాబు చెప్పగలిగే కనీస ప్రశ్న ఏమిటో ప్రత్యామ్నాయంగా రాసి పెట్టుకోండి.

సంతకం ఎవరిది

అంగీకారపత్రం గురించి దరఖాస్తులో నాలుగు వాక్యాలు రాసి వదిలేయడం అలవాటైపోయింది. మన నేల మీద జరిగిన ఒక సంఘటన అలా వదలకూడదని చెబుతుంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా ఇచ్చే నమూనా కార్యక్రమం (డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు) జరిగింది. అమెరికాకు చెందిన పాథ్ అనే సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం అందులో భాగస్వాములు. టీకాను తయారీ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. బాలికల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదివే గిరిజన పిల్లలు. తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు అంగీకారపత్రాల మీద సంతకాలు చేసిన సంగతి తర్వాత బయటపడింది. కొందరు బాలికల మరణాలతో గొడవ రేగి 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణలో తేలింది. అంగీకారం తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. మంచి టీకా మీద కూడా అపనమ్మకం ఏళ్ల తరబడి నిలిచిపోయింది.

ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం మీ అధ్యయనాన్ని, పరిశోధనల నైతికతను పరిశీలించే ఎథిక్స్ కమిటీ ఆమోదించాలి. బలహీన వర్గాల విషయంలో అదనపు రక్షణలు, పిల్లల విషయంలో తల్లిదండ్రుల అంగీకారంతోపాటు పిల్లల సమ్మతి కూడా ఉండాలి. ఆచరణలో దీని అర్థం వేరేచోట ఉంది. డయాలసిస్ యంత్రానికి రక్తనాళం కలిపి ఉన్న మనిషిని, ఆ యంత్రం నడిపే సిబ్బంది ఎదుట, మీకు అభ్యంతరం ఉందా అని అడిగితే అతను ఏమంటాడు? కాబట్టి అంగీకారం కేంద్రంలో కాకుండా ఇంటి దగ్గర, డయాలసిస్ లేని రోజున తీసుకుంటామని రాయండి. కాదన్నందువల్ల సేవ ఆగదని చెప్పే వాక్యం పత్రం చివర కాకుండా మొదట్లో ఉండాలి. అనువాద కార్యాలయపు తెలుగులో కాకుండా ఆ ప్రాంతపు మాటల్లో పత్రం తయారుచేసి, పదిమందికి చదివి వినిపించి, అర్థమైంది వాళ్ల మాటల్లో మళ్లీ చెప్పించుకుని సవరించండి. సర్వే సీతంపేట వైపు కొండ గ్రామాలకు విస్తరిస్తే సవర భాష తెలిసినవారిని బృందంలో పెట్టుకోక తప్పదు.

ఆతిథ్య సంస్థ, బడ్జెట్, రాత

మీకు ఆతిథ్యమిచ్చే సంస్థకు నమోదైన ఎథిక్స్ కమిటీ, నిధుల లెక్క చూడగల కార్యాలయం, గణాంక నిపుణులు ఉండాలి. హైదరాబాదులోని భారతీయ ప్రజారోగ్య సంస్థ వంటివి ఈ రంగంలో అనుభవమున్నవి. ఆ సంస్థను నడిపే పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ కూడా 2006లో ప్రభుత్వ, ప్రైవేటు తోడ్పాటుతో ఏర్పడినదే. పెద్ద పేరు కంటే, మీ ముసాయిదాను మూడుసార్లు చదివే ఓపిక ఉన్న మార్గదర్శకులు ముఖ్యం. ఆర్థికవేత్త ఒకరు, మూత్రపిండాల వైద్యులు ఒకరు, ఆ ప్రాంతంలో పనిచేసిన సామాజిక పరిశోధకులు ఒకరు ఉంటే సరిపోతుంది. సలహామండలి పేరిట పన్నెండు మంది పేర్లు రాసినంత మాత్రాన బలం రాదు.

బడ్జెట్‌లో చాలామంది మరిచిపోయేవి రెండు. సర్వేకు సమయమిచ్చిన కూలీకి ఆ పూట కూలి పరిహారం ఒకటి, పరీక్షలో జబ్బు కొత్తగా బయటపడినవారిని వైద్యానికి చేర్చే ఖర్చు రెండవది. రెండవది లేకుండా క్రియాటినిన్ పరీక్ష చేస్తామంటే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోకూడదు. వ్యక్తిగత ఆరోగ్య సమాచారాన్ని భద్రపరచే ఏర్పాటు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి అనుగుణంగా ఉండాలి; చిన్న గ్రామంలో పేరు తీసేసినా, వయసు, వృత్తి, జబ్బు కలిపి చూస్తే మనిషి ఎవరో ఊరందరికీ తెలిసిపోతుందని గుర్తుంచుకోండి.

సారాంశాన్ని చివర రాయండి, కానీ అన్నిటికంటే ఎక్కువసార్లు తిరగరాయండి. మొదటి వాక్యంలో సమస్య, రెండవ వాక్యంలో మనకు తెలియనిది, మూడవ వాక్యంలో మీరు తేల్చబోయేది ఉండాలి. ఇది మన ఉదాహరణలో ఇలా ఉండవచ్చు: ఉద్దానంలో డయాలసిస్ ప్రైవేటు భాగస్వామ్యంతో ఉచితంగా అందుతోంది, అవసరమైనవారిలో ఎందరికి అందుతోందో, మొదలుపెట్టినవారిలో ఎందరు ఏ కారణంతో మానేస్తున్నారో లెక్క లేదు, ఆ లెక్క తీసి, ఒప్పందంలోని ఏ షరతు మారిస్తే అంతరం తగ్గుతుందో ఈ అధ్యయనం పరీక్షిస్తుంది. మూడవ వాక్యంలోని చివరి భాగం వల్ల ప్రతిపాదన ఫిర్యాదుగా మిగలకుండా పనికొచ్చే పరిశోధన అవుతుంది. సెషన్‌కు చెల్లించే బదులు రోగి ఏడాదిపాటు కొనసాగినందుకు కొంత చెల్లించడం, రవాణా ఖర్చును ఒప్పందంలో చేర్చడం వంటి మార్పులను ముందే పేర్కొని, అందుకు కావలసిన సమాచారం ఏమిటో పట్టికగా ఇవ్వండి.

ఇంటర్వ్యూలో మూడు ప్రశ్నలు తప్పక వస్తాయని అనుకుని సిద్ధపడండి: ఫలితం మీ అంచనాకు వ్యతిరేకంగా వస్తే ఏం చేస్తారు, కంపెనీ సమాచారం ఆపేస్తే ఏం చేస్తారు, ఈ పనికి మీరే ఎందుకు. మొదటి రెండింటికీ జవాబులు ప్రతిపాదనలోనే ఉండాలి, మీరు పేజీ నంబరు చెప్పగలగాలి. మూడవదానికి తయారీ వేరు. దరఖాస్తు పంపాక ఇంటర్వ్యూకు పిలుపు వచ్చేలోగా సాధారణంగా నెలలు గడుస్తాయి. ఆ వ్యవధిలో అనుమతి తీసుకుని, సర్వే ఏదీ చేయకుండా, సోంపేట, పలాస, టెక్కలి వంటి చోట్ల డయాలసిస్ కేంద్రం బయటి బల్ల మీద వారం రోజులు కూర్చోండి. తెల్లవారుజామున మొదటి షిఫ్టుకు ఎవరు ఏ బస్సులో వస్తున్నారో, వెంట వచ్చినవారు ఆ నాలుగు గంటలు ఎక్కడ కూర్చుంటున్నారో, కరెంటు పోతే ఎవరు ఎవరికి ఫోన్ చేస్తున్నారో చూసి రాసుకోండి, ఆ పుస్తకం ఇంటర్వ్యూకు వెళ్లేముందు మరొకసారి చదువుకోండి.